హత్షెప్సుత్ సింహాసనం ఎలా ఎక్కింది? శాసనాల ఆధారంగా చర్చ

నైలుతీరం:

సభ్యులందరికీ నమస్కారం. ప్రాచీన ఈజిప్టు పద్దెనిమిదవ రాజవంశానికి చెందిన హత్షెప్సుత్ గురించి నేను ఇంతవరకు చదివినవన్నీ ఇంచుమించు ఒకే కథ చెబుతున్నాయి. భర్త రెండవ థుత్మోస్ చనిపోగానే, ఇంకా పసివాడైన సవతి కొడుకు మూడవ థుత్మోస్‌ను పక్కకు నెట్టి, పురుషవేషం ధరించి, కృత్రిమమైన గడ్డం పెట్టుకుని ఆమె రాజ్యాన్ని కాజేసిందని, పెద్దవాడైన తరువాత అతడు పగతో ఆమె పేరును రాళ్లమీద నుంచి చెక్కించి వేశాడని ఆ కథ. వినడానికి బాగానే ఉన్నా, అంతటి శక్తిమంతమైన అర్చక వర్గమూ, సైన్యమూ, అధికారగణమూ ఉన్న దేశంలో ఒక స్త్రీ ఒంటరిగా సింహాసనాన్ని ఎలా లాక్కోగలిగిందో అందులో ఎక్కడా లేదు. సుమారు క్రీ.పూ. 1479 నుంచి 1458 వరకు, అంటే రెండు దశాబ్దాలకు పైగా, ఆమె చేతిలో అధికారం నిలిచింది. వట్టి దౌర్జన్యంతో అంతకాలం నిలవడం సాధ్యమేనా? ఈ విషయంలో శిలలు, సమాధులు, ముద్రలు ఏమి చెబుతున్నాయో తెలిసినవారు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

శిలాక్షరం:

నైలుతీరం గారూ, ఆమె కథను భర్త మరణంతో మొదలుపెడితే సగం విషయం చేజారిపోతుంది. కనీసం మూడు తరాలు వెనక్కి వెళ్లాలి.

ఉత్తర ఈజిప్టును ఏలుతున్న విదేశీ వంశీయులైన హిక్సోసులతో దక్షిణాన ఉన్న థీబ్స్ నగరపు రాజులు పోరాడుతున్న రోజుల్లో, యుద్ధాల మధ్య రాజులు మారుతూ ఉండగా రాజ్యాన్ని నిలబెట్టినవారిలో రాజమాత అహ్హోతెప్ ముఖ్యురాలు. ఆమె కుమారుడు మొదటి అహ్మోస్ కర్నాక్ ఆలయంలో నిలిపిన శాసనం, ఆమె సైనికులను కాపాడిందనీ, పారిపోయినవారిని తిరిగి రప్పించిందనీ, దక్షిణ ప్రాంతాన్ని శాంతింపజేసిందనీ కీర్తిస్తుంది. కొడుకు తన తల్లిని రాజనీతిజ్ఞురాలిగా, సైన్యాన్ని నడిపినదానిగా శిలమీద బహిరంగంగా పొగడడం ఆ వంశం ఆరంభంలోనే జరిగింది. అతడి రాణి అహ్మోస్-నెఫెర్తారికి "అమున్ దైవపత్ని" (థీబ్స్ ప్రధాన దేవుడైన అమున్‌కు పత్ని) అనే పదవి శాశ్వత హక్కులతో దక్కింది. అది కేవలం పూజాసంబంధమైన గౌరవం అనుకోకూడదు. దానికి భూములు, ఆస్తులు, సిబ్బంది ఉండేవి. దేశంలోకెల్లా సంపన్నమైన ఆలయంలో రాజకుటుంబపు స్త్రీకి సొంత ఆదాయమూ, సొంత అధికారులూ ఏర్పడ్డారు.

ఈ పదవే ఆ వంశపు స్త్రీల చేతుల మీదుగా హత్షెప్సుత్‌కు వచ్చింది. ఆమె మొదటి థుత్మోస్‌కూ, అతడి పట్టపురాణి అహ్మోస్‌కూ పుట్టిన కూతురు. భర్త అయిన రెండవ థుత్మోస్ ఆమెకు తండ్రివైపు సోదరుడే, కానీ అతడి తల్లి ముత్నోఫ్రెత్ పట్టపురాణి కాదు. అంటే భర్త జీవించి ఉన్నప్పుడే ఆమె రాజపుత్రిక, పట్టపురాణి, దైవపత్ని. ఈ మూడు హోదాలలో మొదటిది ఆమెకు సభలో మర్యాద తెచ్చింది, రెండవది అంతఃపురంపై అధికారం ఇచ్చింది. కానీ ఆమె రాజకీయ జీవితానికి అసలు పునాది వేసింది మూడవదేనని నా నమ్మకం, ఎందుకంటే భర్త మరణంతో అది పోలేదు.

తూర్పుగాలి:

ఈజిప్టులో సింహాసనంపై హక్కు స్త్రీల ద్వారానే సంక్రమించేదని, అందుకే రాజులు సోదరీమణులను పెళ్లాడేవారని ఒకచోట చదివాను. అదే నిజమైతే హత్షెప్సుత్‌కు పుట్టుకతోనే హక్కు ఉన్నట్లు కదా? అప్పుడు ఇంత చర్చ అవసరమేమిటి?

శిలాక్షరం:

ఆ సిద్ధాంతం ఒకప్పుడు బాగా ప్రచారంలో ఉండేది, ఇప్పుడు పండితులు దానిని విడిచిపెట్టారు. అది నిజమై ఉంటే ప్రతి రాజుకూ రాజకుమార్తె అయిన పట్టపురాణి ఉండి తీరాలి. మూడవ థుత్మోస్, మూడవ అమెన్‌హోతెప్ వంటి రాజుల పట్టపురాణులు రాజకుమార్తెలు కారు. హత్షెప్సుత్ తల్లి అహ్మోస్‌కు కూడా "రాజసోదరి" అనే బిరుదు కనిపిస్తుందే తప్ప "రాజపుత్రి" అనేది కనిపించదు. రాజరికం తండ్రి నుంచి కొడుక్కి పోవడమే అక్కడ ధర్మం. అందుకే హత్షెప్సుత్ ప్రతి మెట్టుకూ ఒక ఆధారం వెతుక్కోవలసి వచ్చింది.

రాతిమెట్లు:

నేను ఆ మెట్ల గురించే రాద్దామనుకున్నాను. ఆధారాలు కాలక్రమంలో పేర్చుకుంటే ఆమె నడక స్పష్టంగా తెలుస్తుంది.

మొదటి ఆధారం భర్త అంత్యక్రియలది. 2025లో లక్సోర్ (ప్రాచీన థీబ్స్) పశ్చిమ ప్రాంతంలోని ఒక లోయలో రెండవ థుత్మోస్ సమాధిని గుర్తించినట్లు ప్రకటించారు. అక్కడ దొరికిన అలబాస్టర్ రాతి పాత్రల శకలాలపై అతడిని మరణించిన రాజుగా పేర్కొనడంతో పాటు, పట్టపురాణిగా హత్షెప్సుత్ పేరు కూడా ఉంది. భర్తను సాగనంపే బాధ్యత ఆమెదేనని దీన్నిబట్టి తెలుస్తున్నది.

రెండవది ఇనేని అనే అధికారి సమాధిలోని రాత. ఇతడు మొదటి థుత్మోస్ కాలంలో నిర్మాణాలు చూసినవాడు. రాజు స్వర్గానికి వెళ్లాడనీ, అతడి స్థానంలో కుమారుడు రాజుగా నిలిచాడనీ, దైవపత్ని హత్షెప్సుత్ మాత్రం తన ఆలోచన ప్రకారం రెండు దేశాల వ్యవహారాలను నడిపిందనీ, ఈజిప్టు తలవంచి ఆమె కోసం పనిచేసిందనీ ఇనేని రాయించాడు. గమనించండి, ఇక్కడ రాజు బాలుడే. అతడి తల్లి ఇసెత్ ఇంకా జీవించి ఉందో లేదో గాని, ఆమె తక్కువ స్థాయి భార్య. పాలించేది మాత్రం పెద్దరాణి. ఆ రాతలో ఆమెకు రాజబిరుదు ఒక్కటి కూడా లేదు, అయినా అధికారం ఎవరిదో దాచలేదు. సభలో ఉన్న పెద్ద ఉద్యోగి ఆ స్థితిని సహజమైనదిగానే చూశాడు.

ఈజిప్టుకు దక్షిణాన ఉన్న నూబియాలోని సెమ్నా ఆలయంలో మూడవ థుత్మోస్ రెండవ పాలనా సంవత్సరపు శాసనం ఉంది. అందులో రాజు బాలుడైన థుత్మోస్ ఒక్కడే. అక్కడి శిల్పాలలో హత్షెప్సుత్ రాణిగానే ఉంది. అయితే ఆస్వాన్ దగ్గర కొండరాతిపై ఆమె అధికారి సెనెన్‌ముత్ చెక్కించిన రాతలో, ఆమె ఇంకా దైవపత్ని, పట్టపురాణి అనే బిరుదులతోనే ఉండగానే, ఆమె కోసం రెండు ఏకశిలా స్తంభాలను తొలిపించే పని అతడు చేపట్టినట్లు ఉంది. అలాంటి స్తంభాలను దేవుడికి సమర్పించడం రాజుల పని. బిరుదు రాణిది, చేసే పని రాజుది.

ఆ తరువాతి మెట్టు కర్నాక్‌లో దొరికిన ఒక రాతిపలకపై కనబడుతుంది. అందులో ఆమె స్త్రీలు ధరించే పొడవాటి వస్త్రంలోనే ఉంది, తలపై ఈకల కిరీటం ఉంది, పక్కన మాత్రం ఎగువ దిగువ ఈజిప్టుల రాజు అనే బిరుదూ, మాత్‌కారే అనే సింహాసన నామమూ ఉన్నాయి.

ఇక తేదీకి అన్నిటికంటే గట్టి ఆధారం ఒక మట్టి జాడీ. సెనెన్‌ముత్ తన తల్లిదండ్రులు రమోస్, హత్‌నోఫెర్‌ల కోసం సిద్ధం చేయించిన సమాధిని 1936లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం తవ్వకాల బృందం చెక్కుచెదరని స్థితిలో వెలికితీసింది. అందులోని ఒక జాడీపై ఏడవ పాలనా సంవత్సరపు తేదీ రాసి ఉంది. అదే సమాధిలోని జాడీల ముద్రల్లో కొన్నింటిపై దైవపత్ని హత్షెప్సుత్ అని, మరికొన్నింటిపై మాత్‌కారే అని ఉంది. అంటే ఏడవ సంవత్సరం నాటికి ఆమె రాజు అయిపోయింది. ఆస్థాన గోదాములో పాత హోదా ముద్రలూ, కొత్త హోదా ముద్రలూ పక్కపక్కనే ఉన్న సంధికాలం అది. రాజశాసనాలకు గొప్పలు చెప్పుకునే అవసరం ఉంటుంది, ఒక సాధారణ ముసలి దంపతుల సమాధిలోని జాడీ మూతకు ఆ అవసరం లేదు. అందుకే నేను దీనికి అంత విలువ ఇస్తాను.

ఆలయదీపం:

రాతిమెట్లు గారు చాలా చక్కగా క్రమం చెప్పారు. అయితే పదవులు, ముద్రలు మాత్రమే ఒకరిని ఫారోను చేయవు. ఈజిప్టులో రాజు హోరస్ దేవుడి భూలోక రూపం, ప్రపంచంలో మాత్ అనే సత్యధర్మ వ్యవస్థను నిలిపేవాడు. కాబట్టి దేవుడి సమ్మతి ప్రజల కళ్లెదుట జరగాలి.

కర్నాక్‌లోని ఎర్ర రాతి మందిరంపై ఆమె చెక్కించిన కథనం ఈ సందర్భంలో ముఖ్యమైనది. ఉత్సవ సమయంలో అర్చకుల భుజాలపై పడవ ఆకారపు పల్లకిలో అమున్ బయలుదేరతాడు. ఆ పల్లకి ఎటు కదిలితే అది దేవుడి నిర్ణయం. ఆ ఊరేగింపు అలవాటైన దారి విడిచి రాజభవనం వైపు వచ్చిందనీ, ఆమె ఎదురువెళ్లి సాష్టాంగపడి దేవుడి ఆజ్ఞ ఏమిటని అడిగిందనీ, దేవుడు ఆమెను ఆలయంలోకి తీసుకుపోయి రాజత్వ చిహ్నాలు ఇప్పించాడనీ ఆ కథనం. పల్లకి మోసేది అర్చకులు. వారి పెద్ద హపుసెనెబ్, ఆమె నియమించిన మనిషి. దీనిని చూసి అదంతా కల్పిత నాటకమని తేలికగా కొట్టివేయకూడదని నా మనవి, ఎందుకంటే ఆ కాలపువారికి దేవుడు అర్చకుల ద్వారా కదలడం నిజమైన దైవకార్యమే. పైగా మూడవ థుత్మోస్ కూడా తరువాత ఇదే రకం కథను తన గురించి కర్నాక్‌లో రాయించుకున్నాడు. తాను బాలుడిగా ఆలయంలో ఉండగా అమున్ ఊరేగింపు తనను వెదుక్కుంటూ వచ్చిందని ఆయన చెప్పాడు. ఒకే దేవుడు, ఒకే విధమైన ఎంపిక, ఇద్దరు రాజులు.

థీబ్స్ ఎదుట నైలు పశ్చిమ తీరంలోని డెయిర్ ఎల్-బహ్రీలో ఆమె కట్టించిన ఆలయం మధ్య అంతస్తులో, ఉత్తరం వైపు స్తంభాల వరుసలో, దివ్యజననం శిల్పాలుగా ఉంది. అమున్ మొదటి థుత్మోస్ రూపంలో రాణి అహ్మోస్ వద్దకు వస్తాడు. ఆ దేవుడి పరిమళానికి రాణి మేలుకుంటుంది. ఖ్నూమ్ దేవుడు కుమ్మరి సారెపై శిశువునూ, ఆ శిశువు ప్రాణశక్తి రూపాన్నీ మలుస్తాడు. అక్కడ చెక్కిన శిశువు రూపం మగపిల్లవాడిది, పక్కనున్న పదాలు మాత్రం స్త్రీలింగంలో ఉంటాయి. ఆ తరువాతి దృశ్యాలలో తండ్రి మొదటి థుత్మోస్ సభాసదుల ఎదుట ఆమెను తన వారసురాలిగా ప్రకటిస్తాడు. ఈ ప్రకటన నిజంగా జరిగి ఉంటే రెండవ థుత్మోస్ రాజు కావడానికి వీలే లేదు, కాబట్టి దీనిని తరువాత చేర్చుకున్న వంశకథగానే చరిత్రకారులు చూస్తారు. కానీ ఆమె ఎంచుకున్న ఆధారం గమనించదగింది. భర్త పేరు ఎక్కడా ముందుకు తేలేదు. తన హక్కును తండ్రి నుంచీ, దేవుడి నుంచీ నేరుగా తెచ్చుకుంది. రాజు భార్యగా ఆమె సంరక్షకురాలు మాత్రమే కాగలదు. రాజు కావాలంటే రాజు సంతానం కావాలి.

తూర్పుగాలి:

మీరందరూ చెప్పినవి చదివాక కూడా నాకు ఒక అభ్యంతరం మిగిలింది. సంరక్షకురాలిగా ఏడేళ్ల పాటు దేశాన్ని ఏలుతూనే ఉంది కదా. అహ్హోతెప్ అలాగే చేసింది, పని అయ్యాక కొడుక్కి దారి ఇచ్చింది. హత్షెప్సుత్ మాత్రం ఆగలేదు. రాజు జీవించి ఉండగా, అతడు సింహాసనంపై ఉండగా, మరొకరు రాజబిరుదు తీసుకోవడాన్ని ఏమనాలి? పద్ధతిగా, మెల్లగా చేసినంత మాత్రాన అపహరణ అపహరణ కాకుండా పోతుందా?

శిలాక్షరం:

అభ్యంతరం న్యాయమైనదే, దానిని దాటవేయడం సరికాదు. నా దృష్టిలో దీనికి జవాబు బాలుడి స్థితిలో ఉంది.

హత్షెప్సుత్ తనకంటూ ఒక మొదటి సంవత్సరాన్ని లెక్కించలేదు. మూడవ థుత్మోస్ పట్టాభిషేకం నుంచి నడుస్తున్న లెక్కనే తనదిగా తీసుకుంది. ఇది చాలా పెద్ద విషయం. ఈజిప్టులో ప్రతి రాజుకూ సంవత్సరాలు కొత్తగా మొదలవుతాయి. ఆమె అలా మొదలుపెట్టి ఉంటే బాలుడి పాలనను రద్దు చేసినట్లయ్యేది. ఎర్ర రాతి మందిరంపై ఇద్దరు రాజులూ ఒకేలా, ఒకే కిరీటాలతో ఊరేగింపు వెంట నడుస్తుంటారు. ముందు ఆమె, వెనుక అతడు. అతడు తక్కువే, కానీ రాజే.

అపహరించినవారు చేసే మొదటి పని అసలు వారసుడిని నిర్మూలించడం. బాల్యమరణాలు సర్వసాధారణమైన ఆ కాలంలో అది ఎవరి కళ్లలోనూ పడకుండా జరిగిపోగలదు. అందుకు బదులుగా ఆ బాలుడు చదువుకున్నాడు, ఆయుధవిద్య నేర్చుకున్నాడు, యువకుడయ్యాడు. ఇరవై రెండవ సంవత్సరంలో ఆమె పాలన ముగిసిన కొద్ది నెలలకే సైన్యాన్ని నడిపించుకుంటూ ఇప్పటి ఇజ్రాయెల్‌లోని మెగిద్దో వరకు వెళ్లి గెలిచాడు. బందీగా బతికినవాడికి అంత త్వరగా సైన్యం విధేయత దొరకదు.

మీరు అడిగిన "ఎందుకు ఆగలేదు" అన్న ప్రశ్నకు ఆమె తానుగా జవాబు రాసిపెట్టలేదు. పరిస్థితిని బట్టి నేను అనుకునేది ఇది. మొదటి థుత్మోస్ అంతకుముందటి రాజు కొడుకు కాడు, అంటే వంశంలో ఆ శాఖ కొత్తది. రెండవ థుత్మోస్ పాలన పెద్దగా సాగలేదు. మిగిలిన వారసుడు పసివాడు, అతడి తల్లికి పలుకుబడి లేదు. ఆ బాలుడు చనిపోతే శాఖే ముగిసిపోతుంది. అలాంటప్పుడు మొదటి థుత్మోస్ రక్తం ఉన్న పెద్ద మనిషి సింహాసనంపై ఉండటం తండ్రి ఇంటికీ, బాలుడికీ కూడా రక్ష. ఇందులో ఆమె సొంత ఆశ లేదని నేను అనను. ఇంతటి సామర్థ్యం ఉన్న మనిషికి ఆశ ఉండటం సహజం, ఆ ఆశ రాజ్యం అవసరంతో కలిసి నడిచింది.

రాతిమెట్లు:

శిలాక్షరం గారి మాటకు ఒక చేర్పు. ఆమె చుట్టూ ఉన్న అధికారులను చూడండి. సెనెన్‌ముత్ సామాన్య కుటుంబంలో పుట్టి, అమున్ ఆస్తుల నిర్వాహకుడై, ఆమె కూతురు నెఫెరూరేకు సంరక్షకుడయ్యాడు. అతడి గురించి ప్రేమకథలు అల్లడం మానేసి, ఆలయ ధాన్యాగారాల అజమాయిషీ చేసిన మనిషిగా చూస్తేనే ఆమె పాలన అర్థమవుతుంది. నెహెసీ కోశాధికారిగా తొమ్మిదవ సంవత్సరంలో ఐదు ఓడలతో పుంత్ దేశానికి వెళ్లిన యాత్రను నడిపాడు. అక్కడి నుంచి సుగంధ వృక్షాలను వేళ్లతో సహా బుట్టల్లో తెచ్చారు. హపుసెనెబ్, సెనెన్‌ముత్ వంటివారి ఉన్నతి ఆమె చలవ. అయితే మంత్రి ఉసెరామున్, అమున్ రెండవ అర్చకుడు పుయెమ్రే ఆమె తరువాత మూడవ థుత్మోస్ ఒంటరి పాలనలోనూ అవే పదవుల్లో కొనసాగారు. ఆస్థానం రెండు ముఠాలుగా చీలి ఉంటే ఇలా జరిగేది కాదు.

ఆమె రాజు అయ్యాక దైవపత్ని పదవి నెఫెరూరేకు వెళ్లిన సంగతి కూడా మరువరాదు. రాజు పక్కన పూజల్లో రాణి చేయవలసిన విధులు కొన్ని ఉంటాయి. రాజే స్త్రీ అయినప్పుడు ఆ స్థానాన్ని కూతురు నింపింది.

నైలుతీరం:

అందరికీ ధన్యవాదాలు. మరి పురుషవేషం సంగతి? ఆమె తాను స్త్రీననే విషయాన్ని దాచాలనుకుందా?

ఆలయదీపం:

దాచలేదు, దాచే ప్రయత్నమూ లేదు. మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్న ఆమె కూర్చున్న విగ్రహాలలో ఒకదానికి స్త్రీ దేహం, స్త్రీ వస్త్రం, తలపై మాత్రం రాజులు ధరించే చారల వస్త్రం ఉన్నాయి. తరువాతి భారీ విగ్రహాలలో గడ్డం, రాజుల పొట్టి వస్త్రం, విశాలమైన భుజాలు వచ్చాయి. కానీ ఆ విగ్రహాలపై కూడా "రే దేవుడి కుమార్తె" వంటి స్త్రీలింగ బిరుదులు తరచుగా కనిపిస్తాయి. రాజు బొమ్మ అంటే వ్యక్తి ముఖచిత్రం కాదు, పదవి రూపం. ఆమెకు సుమారు మూడు శతాబ్దాల ముందు, పన్నెండవ రాజవంశం చివర సోబెక్‌నెఫెరూ అనే స్త్రీ నాలుగేళ్లకు కాస్త తక్కువగా రాజ్యం చేసింది. ఆమె విగ్రహంలోనూ స్త్రీ వస్త్రం మీద రాజు దుస్తులు కలిసి ఉన్నాయి. హత్షెప్సుత్ శిల్పులు అదే దారిలో మొదలై, చివరకు పూర్తి రాజరూపానికి చేరుకున్నారు. దేశంలోని ప్రతి ఆలయంలో రాజే దేవుడికి నైవేద్యం పెట్టాలి, ఆ రూపం అందరూ గుర్తుపట్టేదిగా ఉండాలి.

తూర్పుగాలి:

బాలుడి పాలనా సంవత్సరాల విషయం నా అభిప్రాయాన్ని చాలావరకు మార్చింది. అయినా పేరు చెరిపివేత ఉంది కదా. ఇద్దరి మధ్య సఖ్యత ఉంటే అంత పని ఎందుకు జరిగింది?

శిలాక్షరం:

ఆ చెరిపివేత ఆమె పోయిన వెంటనే జరగలేదు. మూడవ థుత్మోస్ పాలనలో నలభై రెండవ సంవత్సరం ప్రాంతంలో గాని, ఆ తరువాత గాని మొదలైంది, అంటే సుమారు ఇరవై ఏళ్లు గడిచాక. పగతో రగిలేవాడు అంతకాలం ఆగడు. పైగా రాణిగా ఉన్నప్పటి ఆమె బొమ్మలను చాలావరకు వదిలేసి, రాజుగా ఉన్నవాటిని మార్చారు. చాలాచోట్ల ఆమె పేరు స్థానంలో తండ్రి పేరో, భర్త పేరో చెక్కారు. ఇలా చేస్తే రాజ్యం మొదటి థుత్మోస్ నుంచి రెండవ, మూడవ థుత్మోస్‌లకు తిన్నగా వచ్చినట్లు కనబడుతుంది. కొడుకు రెండవ అమెన్‌హోతెప్‌కు సింహాసనం సాఫీగా దక్కాలని వృద్ధాప్యంలో రాజు ఆలోచించి ఉంటాడని చాలామంది భావిస్తారు. రాజపుత్రిక రాజు కాగలదన్న ఉదాహరణ శిలలమీద నిలిచి ఉంటే, పక్క శాఖల్లోని రాజకుమార్తెలో, వారి సంతానమో రేపు అదే హక్కు అడగవచ్చు.

డెయిర్ ఎల్-బహ్రీలో పగిలిన విగ్రహాల శకలాలపై 2025లో వెలువడిన ఒక అధ్యయనం కూడా ఇక్కడ ఉపయోగపడుతుంది. వాటిలో చాలావరకు మెడ, నడుము, మోకాళ్ల దగ్గర విరిచారు, ముఖాలు పాడుచేయలేదు. చనిపోయిన రాజుల విగ్రహాలలోని శక్తిని తొలగించడానికి అలా విరవడం ఈజిప్టులో ఇతర రాజుల విషయంలోనూ ఉన్న ఆచారమే. అన్ని విగ్రహాలకూ ఇదే వర్తించదు, కొన్నింటిని కావాలనే ధ్వంసం చేశారు. కాబట్టి ఆచారమూ, రాజకీయమూ రెండూ కలిసి జరిగాయని ఒప్పుకోవలసి ఉంటుంది.

రాతిమెట్లు:

కర్నాక్‌లో ఆమె నిలిపిన ఏకశిలా స్తంభాలలో ఒకటి ఇప్పటికీ నిలిచి ఉంది. ఎత్తు ముప్పై మీటర్లకు దగ్గరగా, బరువు మూడు వందల టన్నులకు పైగా ఉంటుంది. దానిని కొండ నుంచి తొలిచి తీయడానికి ఏడు నెలలు పట్టిందని ఆమే దాని పీఠంపై రాయించింది. మూడవ థుత్మోస్ దాని కింది భాగం చుట్టూ గోడ కట్టించి మూయించాడు, పడగొట్టలేదు. అది అమున్‌కు ఇచ్చిన కానుక. గోడ చాటున ఉండిపోయిన భాగంలో చెక్కడాలు చెక్కుచెదరకుండా నిలిచాయి. ఆ పీఠం మీదే, రాబోయే ఏళ్లలో తన కట్టడాలను చూసి మాట్లాడుకునే జనం ఏమంటారోనని తన మనసు ఇటూ అటూ ఊగుతున్నదని ఆమె చెప్పుకున్న వాక్యం ఉంది. సింహాసనం ఎక్కి తొమ్మిది పదేళ్లు గడిచి, పుంత్ యాత్ర ముగిసి, ఆలయం లేచాక కూడా, పదహారవ సంవత్సరంలో ఆమె తన హక్కు గురించి ఇంకా జనంతో వాదిస్తూనే ఉంది. ఆ స్తంభాలు నిజంగా తాను నిలిపినవేననీ, తాను చెప్పినదాంట్లో అతిశయం లేదనీ ఆ తరువాతి పంక్తుల్లో ప్రమాణం చేసి మరీ చెప్పింది.